నాంచారి తవ్విన గుంట

అనగనగా, ఎడ్లకు మనుషులతో సమానంగా మర్యాద జరిగే కాలంలో, ఏటిగడ్డ అనే రాజ్యం ఉండేది. అక్కడ సాంబయ్య అనే ముసలి రైతు పదిహేనేళ్ల పిల్లలకు సేద్యం నేర్పే బడి నడిపేవాడు. మూడు కరువులు దాటి వచ్చిన మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది.

ఆ బడి మంత్రికి గిట్టేది కాదు. "సేద్యానికి బడి ఏమిటి ప్రభూ? ఆ నేలలో గుర్రాలు మేపుకుందాం" అని రాజు చెవిలో ఊదాడు.

రాజు ఒక పరీక్ష పెట్టాడు. అచ్చమ్మ అనే అవ్వ వంగతోట వాడిపోతోంది. బడి పిల్లలు పది రోజుల్లో దాన్ని నిలబెడితే బడి ఉంటుంది. లేకపోతే గుర్రాలు వస్తాయి.

సాంబయ్య ముగ్గురిని పంపాడు. పేరయ్య, కామేశం, నాంచారి. ముగ్గురిలో నాంచారికే భయం ఎక్కువ. బడి పోతే ఆమెకు మళ్లీ ఇంట్లో పేడ ఎత్తడమే.

పేరయ్య వాలిన ఆకులు చూశాడు. "పాపం, దాహం!" అని రెండు రోజులు ఏతం తొక్కి నీళ్లు పారించాడు. తోట ఇంకా వాలింది.

కామేశం పకపకా నవ్వాడు. "ఒరే పేరిగా, తోట పెంచుతున్నావా, చేపలు పెంచుతున్నావా? ఇది పురుగు పనిరా!" వేపగింజలు నూరి, కషాయం తీసి, ఆకు ఆకుకూ చల్లాడు. మూడు రోజులు గడిచాయి. ఆకులు పసుపెక్కాయి.

సాంబయ్య వచ్చి చూసి మండిపడ్డాడు. "మందు తెలుసు మీకు. జబ్బు తెలుసా? నేనూ ఇలాగే తొందరపడి ఒక ఏడాది పంటంతా పోగొట్టుకున్నాను. ఆ ఏడు మా ఇంట పొయ్యి వెలగలేదు!"

భయంలో నాంచారి కూడా ఏదో ఒకటి పోద్దామని కుండ అందుకోబోయింది. అంతలో ఆగింది. వెళ్లి అచ్చమ్మ పక్కన కూర్చుంది.

"అవ్వా, మొదట వాడింది ఏ మూల?"

"అదిగో, పల్లం మూల. ఇన్నాళ్లకి ఒక్కరైనా అడిగారు తల్లీ!"

"ఎప్పటి నుంచి?"

"తోట పక్కన ఆ రథాల బాట వేసినప్పటి నుంచి."

నాంచారి పల్లం మూలకు వెళ్లి ఒక మొక్క పీకింది. వేళ్లు నల్లబడి కుళ్లు వాసన కొట్టాయి. పక్కనే మూరెడు గుంట తవ్వింది. చూస్తుండగానే గుంటలో నీరు ఊరింది. ఎత్తుగా పోసిన కొత్త బాట, తోట నీరు బయటికి పోయే కాలువను పూడ్చేసింది. మొక్కలు దాహంతో కాదు, నీటిలో మునిగి చస్తున్నాయి.

ఆ బాట వేయించింది మంత్రి. సంగతి తెలిసి ఆయన పరుగున వచ్చాడు. "పురుగు పట్టిందని చెప్పు పిల్లా. బడిని నేను కాపాడతాను."

ఆ మాట అంటే బడి దక్కుతుంది. కానీ అవ్వ తోట చస్తుంది. నాంచారి భయపడుతూనే రాజు ముందు నిలబడింది.

"ప్రభూ, తోటను చంపుతున్నది మీ బాట. నా మాట నమ్మక్కర్లేదు. గుంటలో చెయ్యి పెట్టి చూడండి."

రాజు తోటకు వచ్చి గుంటలో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా బురద. ఆయన మంత్రి వైపు చూశాడు. మంత్రి ఆకాశం వైపు చూశాడు.

ఆ రోజే బాట కింద తూము పెట్టి నీరు వదిలారు. పల్లం మూల మొక్కలు దక్కలేదు గానీ, పదో రోజుకు మిగిలిన తోట తలెత్తింది.

"బడి ఉంటుంది" అన్నాడు రాజు.

తిట్టడానికి ఏమీ దొరక్క సాంబయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

కాబట్టి పిల్లలూ, కష్టం కనబడగానే మందు కోసం పరుగెత్తకండి. అది ఎక్కడ మొదలైందో అడిగి, తవ్వి, దొరికిన నిజాన్ని ఎవరి ముందైనా చెప్పగలిగినవాళ్లే దాన్ని తీర్చగలరు.