తన గొంతే విన్న గాయకుడు

విశాఖపట్నంలో వంశధర్ అనే రాక్ గాయకుడు ఉండేవాడు. పాట రాసేదీ, బాణీ కట్టేదీ, పాడేదీ తనే కాబట్టి, తన గొంతు తప్ప ఇంకొకటి చెవిన పడితే ఓర్చుకోలేకపోయేవాడు.

అతని వెనక వాయించేవాళ్లు ఇద్దరు. బేస్ గిటార్ సింహాద్రిది, డ్రమ్స్ ఎస్తేరువి. ఎస్తేరుకు నలభై నాలుగేళ్లు. చిన్నప్పుడు చర్చిలో డ్రమ్స్ వాయించే అన్నయ్యకు జ్వరం వస్తే, ఒక ఆదివారం అతని బదులు ఆ స్టూలు ఎక్కింది. మళ్లీ దిగలేదు. ఆమెకు ఒక్కతే కూతురు. పేరు కెజియా, పదిహేనేళ్ల పిల్ల. "మా అమ్మ డ్రమ్మర్, తెలుసా?" అని బళ్లో కనబడినవాళ్లందరికీ చెప్పుకుని తిరిగేది.

వేదిక మీద ఆ హోరులో పక్కవాళ్ల మాట వినపడదు. అందుకని ముగ్గురూ చెవుల్లో బయటి చప్పుడు దూరని ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవారు. ఎవరేం వాయిస్తున్నారో అందరికీ అందులో వినిపించేది. ఎస్తేరు పక్కన ఇంకో చిన్న మైకు ఉండేది. అందులో ఆమె మాట్లాడితే జనానికి వినపడదు, మిగతా ఇద్దరి చెవుల్లోనే పడుతుంది. "తీగ తెగింది చూసుకో", "ఈ చరణం తర్వాత ఆపుదాం" లాంటి మాటల కోసం అది. డ్రమ్మర్ కూర్చునేది వెనక ఎత్తు మీద. మైదానం అంతా కనిపించేది ఆమెకే.

ఒకరోజు సాధన మధ్యలో వంశధర్ ఇయర్‌ఫోన్లు పీకేసి, సౌండ్ చూసే ఖాదర్‌ని పిలిచాడు.

"ఖాదర్ భాయ్, నా చెవిలో డ్రమ్స్ తీసెయ్. బేస్ తీసెయ్. నా గొంతు, నా గిటారు చాలు."

"మరి అక్క మాట్లాడే మైకో?"

"అదే ముందు తియ్యాలి. మంచి పట్టులో ఉండగా 'వంశీ, కాసిని నీళ్లు తాగు' అంటుంది. నేనేమైనా బడికెళ్లే పిల్లాడినా?"

సింహాద్రి నవ్వాడు. "నీ గొంతు కోసమే కదేటి బాబూ తాగమంది. మొన్న చివరి పాటకి జీరపోయింది, మర్చిపోయావేటి?"

"అదిగో, ఇలాంటి మాటలే నాకు వద్దంటున్నాను."

ఖాదర్ ఎస్తేరు వైపు చూశాడు. ఇది సరైన పని కాదని ఆమెకు తెలుసు. గొడవెందుకులే అనుకుంది. "అతని చెవులు, అతని ఇష్టం భాయ్" అంది. ఖాదర్ వంశధర్ చెవికి అవి వెళ్లే వైరు పీకేశాడు.

తర్వాత ఐదారు కచేరీలు బాగానే జరిగాయి. వంశధర్ ఇంకా ధీమాగా పాడాడు. పేరూ పెరిగింది.

వేసవి మొదట్లో భీమిలి వెళ్లే దారిలో ఒక మైదానంలో కచేరీ పెట్టారు. సాయంత్రం ఐదింటికి మొదలు. అనుకున్నదానికి మూడింతల జనం వచ్చారు. వేదిక ముందు ఇనప కంచె కట్టారు. కెజియా మధ్యాహ్నమే స్నేహితురాళ్లతో వచ్చి, ఆ కంచెను ఆనుకుని నిలబడింది. పసుపు రంగు చొక్కా, రెండు జడలు.

"వెనక కుర్చీల్లో కూర్చోవే, ఎండలో ఏమిటది?" అంది ఎస్తేరు.

"అక్కణ్ణుంచి నువ్వు కనపడవమ్మా. అందరికీ వంశీ అన్నే కనపడతాడు. నేను నిన్ను చూడ్డానికి వచ్చాను."

ఆ మాటకు ఎస్తేరు మురిసిపోయి ఊరుకుంది.

నాలుగు పాటలయ్యాయి. జనం ఎదురుచూస్తున్న పాట మొదలైంది. ఆ పాట నడుమ ఒక చోట డ్రమ్స్, బేస్ ఆగిపోతాయి. వంశధర్ ఒక్కడే మెల్లగా గిటారు మీటుతూ, జనంతో పాడిస్తూ, తనకు తోచినంతసేపు సాగదీస్తాడు. అతను తల ఊపితేనే మళ్లీ వాద్యాలు అందుకోవాలి. ఆ చోటు వచ్చింది. ఎస్తేరు చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఏం, అంత దూరంలో ఉండిపోయారు?" అని అరిచాడు వంశధర్. "ముందుకు రండి! ఇంకా ముందుకు!"

వెనకవాళ్లు ఒక్కసారిగా కదిలారు.

ఎస్తేరు పైనుంచి చూసింది. గాలికి చేను ఊగినట్టు జనం మొత్తం కుడివైపు ఊగారు. మళ్లీ ఎడమవైపు ఊగారు. అది ఆట కాదు. వాళ్లంతట వాళ్లు ఊగడం లేదు. అడుగు తీసి వేసే చోటు ఎవరికీ లేదు. కంచె దగ్గర పైకి లేచిన చేతులు తాళం వేయడం లేదు, ఎవరైనా పట్టుకుంటారేమోనని వెతుకుతున్నాయి. పసుపు చొక్కా కోసం చూసింది. కనిపించింది. కెజియా నోరు తెరుచుకుని ఉంది. అందులోంచి కేక రావడం లేదు. కేక వేయడానికి ఛాతీలో గాలి ఉండాలి కదా.

ఎస్తేరు గబుక్కున చిన్న మైకు అందుకుంది. "వంశీ, ఆపు! ముందున్న పిల్లలు నలిగిపోతున్నారు. ఆపమని చెప్పు!"

సింహాద్రి ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగాడు. వంశధర్ తిరగలేదు.

"వంశీ! నా బిడ్డ ఉందక్కడ! వంశీ!"

అతని చెవిలో అతని పాటే ఉంది. ఎంత హాయిగా పాడుతున్నాడో భుజాలు చూస్తే తెలుస్తోంది. ఎస్తేరు కర్రలు తీసుకుని డ్రమ్ములు పగిలేలా కొట్టింది. కాళ్ల కింద చెక్కలు అదిరాయి కాబోలు, వంశధర్ వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి ఊపాడు. 'ఇంకా కాదు, ఆగు' అని.

ఎదురుగా వందల నోళ్లు అరుస్తున్నాయి. అతను నవ్వాడు. "శభాష్! చేతులు ఇంకా పైకి!" అన్నాడు.

పసుపు చొక్కా కనబడలేదు.

పాట నడుస్తుండగా ఎస్తేరు ఎప్పుడూ స్టూలు దిగలేదు. ఆ రోజు దిగింది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వంశధర్ వెనక నిలబడి, రెండు ఇయర్‌ఫోన్లూ ఒక్క లాగు లాగింది.

"అక్కా, పిచ్చెక్కిందా నీకు?" అని అతను గయ్యిమన్నాడు.

తర్వాత విన్నాడు.

అతని చేతిలో గిటారు జారి మెడపట్టీకి వేలాడింది. సింహాద్రి అప్పటికే గిటారు పడేసి కంచె వైపు దూకాడు.

"వాళ్లని వెనక్కి వెళ్లమను" అంది ఎస్తేరు.

అతను మైకు పట్టుకుని మళ్లీ ఆమె వైపే తిరిగాడు. "ఏం చెప్పాలక్కా? ఎలా చెప్పాలి?"

"నేను చెప్పింది చెప్పు. అందరికన్నా వెనకున్నవాళ్లు..."

"అందరికన్నా వెనకున్నవాళ్లు..."

"వెనక్కి తిరిగి నడవండి."

"వెనక్కి తిరిగి నడవండి."

"పరుగెత్తకండి. ముందు పిల్లలకి ఊపిరాడటం లేదు."

ఆ మాటా అతను మైకులో చెప్పాడు. ఆ మైదానంలో అందరూ వినేది అతని గొంతు మాటే. ఎస్తేరు మైకులో అరిస్తే ఎవరో ఆవిడ అనుకుంటారు. మెట్లు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. దిగితే కంచె. కంచె కింద బిడ్డ. ఆమె కాళ్లు అటే లాగుతున్నాయి. తను కదిలితే ఇతని నోరు మూతపడుతుంది. ఇతని నోరు మూతపడితే జనం కదలరు. ఎస్తేరు అతని చొక్కా వీపు దగ్గర గుప్పిట్లో బిగించి, అక్కడే నిలబడింది.

"మళ్లీ చెప్పు. ఆపకు."

అతను మళ్లీ చెప్పాడు. ఆరుసార్లో, పదిసార్లో. మైదానం చివర కొంచెం ఖాళీ కనబడింది. ఆ ఖాళీ మెల్లగా ముందుకు పాకింది. కంచె దగ్గర ఊగడం ఆగింది. సింహాద్రి పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎత్తి వేదిక మీద పడుకోబెట్టాడు. మొదట ఎవరో అబ్బాయి. తర్వాత ఇంకో అమ్మాయి. మూడోది కెజియా. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. ఒక జడ విడిపోయి ఉంది.

అప్పుడు ఎస్తేరు అతని చొక్కా వదిలింది.

పంతొమ్మిది మందిని ఆసుపత్రిలో చేర్చారు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఇంకో రెండు నిమిషాలు గడిచి ఉంటే ఆ మాట అనలేకపోయేవాణ్ణి అన్నాడు డాక్టరు. కెజియాకు రెండు పక్కటెముకలు విరిగాయి. మర్నాడు మధ్యాహ్నం దాకా కళ్లు తెరవలేదు. ఎస్తేరు మంచం పక్కనే కూర్చుని, ఆ పిల్ల ఛాతీ పైకి లేవడం, కిందికి దిగడం చూస్తూ ఉండిపోయింది. ఒకసారి లేచాక మళ్లీ లేచేదాకా తన ఊపిరి బిగబట్టేది. వంశధర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అతనూ రాలేదు.

మధ్యాహ్నం రెండింటికి కెజియా కళ్లు విప్పింది.

"అమ్మా" అంది పీలగా. "పాట అయిపోయిందా?"

తలుపు దగ్గర వంశధర్ గోడకు ముఖం ఆనించి ఏడ్చాడు. కాసేపటికి ఎస్తేరు బయటికి వచ్చింది.

"అరుస్తున్నారని నాకు తెలుసక్కా" అన్నాడు. "కళ్లతో చూశాను. నా పాట నచ్చి అరుస్తున్నారనుకున్నాను."

ఎస్తేరు పర్వాలేదని అనలేదు.

"వైరు పీకించిన రోజు నేను వద్దనాల్సింది" అంది. "గొడవెందుకని ఊరుకున్నాను. ఆ తప్పు నాది."

ఇద్దరూ తలుపు బయట బల్ల మీద కూర్చున్నారు. తెరిచిన తలుపులోంచి కెజియా ఊపిరి తీసుకోవడం చూస్తూ ఉండిపోయారు.

నీతి: తోటివారి మాట చెవిన పడకుండా చేసుకున్నవాడికి ప్రాణభయంతో పెట్టిన కేక కూడా మెచ్చుకోలులాగే అనిపిస్తుంది, కాబట్టి మన వెనక ఉండి చూసేవాళ్ల మాట వినాలి, చూసినవాళ్లు గొడవకు జంకకుండా వినేదాకా చెప్పాలి.