పొన్నవాక నడిమైదానంలో దెయ్యం

ఏవిట్రా తేజూ, మూతి అలా ముడుచుకు పడుకున్నావు? నీ జట్టు మళ్ళీ ఓడిందా? మేనేజర్ని తీసెయ్యాలంటావు. ఆ నడిమి వాళ్ళు దండగంటావు. ఏవిటీ, మిడ్‌ఫీల్డా? ఏదోలే, నాకు నోరు తిరగదు గానీ ఆ జబ్బు సంగతి నాకు తెలుసు. ఇటు జరుగు. మొగ్గా, నువ్వూ రా. నీ కాళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయే తల్లీ, నాకు తగిలించకు.

అనగనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఒక ఊరు, దాని పేరు పొన్నవాక. అవతల ఇంకో ఊరు, దాని పేరు ఏనుగుదొడ్డి. రెండూళ్ళ పొలాలకీ కలిపి ఒకటే కాలవ. తొలకరికి కాలవలో నీళ్ళు రాగానే మాకు ముందంటే మాకు ముందని కర్రలు తీసుకుని బుర్రలు బద్దలుకొట్టుకునేవారు. చూసి చూసి విసుగెత్తిన రాజుగారు ఒకనాడు ఇద్దర్నీ పిలిపించి, బుర్రలెందుకర్రా, బంతిని తన్నుకోండి, గెలిచిన ఊరికి ముందు నీళ్ళు అన్నాడట. అప్పట్నించీ ఏటా విత్తనాల ముందు రెండూళ్ళకీ కాలిబంతి ఆట. ఊఁ కొట్టండర్రా, నేను గోడకి చెబుతున్నానా?

ఆటంటే ఉత్త ఆట కాదు మరి. ముందు నీళ్ళొచ్చిన ఊరికి నారు వేళకి పడుతుంది, పంట వేళకి ఇంటికొస్తుంది. వెనక నీళ్ళొచ్చిన ఊరికి వరి ఈనే వేళకి తుపాను పట్టుకుంటుంది. పొన్నవాక ఓడింది. మరుసటేడూ ఓడింది. ఆ మరుసటేడూ ఓడింది. గాదెల్లో ఎలకలు కూడా ఏనుగుదొడ్డికి వలసపోయాయి. పిల్లలకి పొద్దున్నా అంబలే, రాత్రీ అంబలే.

పొన్నవాక జట్టుకి ఆటపెద్ద బుచ్చియ్య. ఆటపెద్దంటే మీ మేనేజరే అనుకో. వయసులో ఉండగా అతను తన్నితే గోలే. ఒక ఏడు అతని గోలుతో ఊరు గెలిస్తే, భుజాలమీద మోసుకుంటూ ఊరంతా తిప్పారట. ఆ మోత ఇంకా అతని చెవుల్లో ఉంది. అందుకని జట్టు దిద్దినప్పుడల్లా ఏం చేసేవాడూ? సగం మందిని ముందు నిలబెట్టేవాడు, గోలు కొట్టండ్రా అని. సగం మందిని వెనక నిలబెట్టేవాడు, గోలు పడనివ్వకండ్రా అని. నడుమ ఒకే ఒక్కడు. ఆ ఒక్కడూ ఎవరో కాదు, బుచ్చియ్య కొడుకే, పాపారాయుడు.

పాపారాయుడు అటు పరిగెత్తేవాడు, ఇటు పరిగెత్తేవాడు. వెనకవాళ్ళు బంతి తన్నితే అది నడిమికొచ్చేది. అక్కడ ఏనుగుదొడ్డి వాళ్ళు నలుగురుండేవారు, మనవాడు ఒక్కడు. ఇంకేవుంది, బంతి వాళ్ళదే.

ఓడినప్పుడల్లా పొన్నవాక జనం అడగడం మొదలెట్టేవారు. ముందువాళ్ళూ ముందువాళ్ళూ, గోలెందుకు కొట్టలేదర్రా అంటే, మాకు బంతి రాలేదన్నారు. వెనకవాళ్ళూ వెనకవాళ్ళూ, బంతెందుకు పంపలేదర్రా అంటే, పంపాం, నడుమ పోయిందన్నారు. నడిమివాడా నడిమివాడా, బంతేం చేశావురా అంటే, ఒక్కణ్ణే కదా, ఎంతకని పరిగెత్తనన్నాడు. ఆటపెద్దా ఆటపెద్దా, నడుమ ఒక్కణ్ణే ఎందుకు పెట్టావయ్యా అంటే, నడుమ గోలుంటుందా, అక్కడ మనుషులెందుకు అన్నాడు. అది విని జనం తల గోక్కున్నారు. నిజవే కదా! నడుమ గోలుండదు కదా! అనుకుంటూ ఇళ్ళకి పోయారు. ఇంటికెళ్ళి సగం ముద్ద తిన్నాక మళ్ళీ అనుమానం. మరి ఎందుకు ఓడుతున్నాం?

బుచ్చియ్యకీ అంతుపట్టలేదు పాపం. అతనేం చెడ్డవాడు కాదు. ముందువాళ్ళని వెనక్కి వేశాడు, ఓడారు. వెనకవాళ్ళని ముందుకి వేశాడు, ఓడారు. పాగాల రంగు మార్చాడు, ఎర్రపాగాలతో ఓడారు. చూసేవాళ్ళ సంగతి ఇంకా తమాషా. ముందుకి తన్నరా అని అరిచిన నోరే, ఎందుకు తన్నావురా అని అరిచేది. అందరి నోళ్ళకీ దొరికినవాడు పాపారాయుడు. ఒరే, నిద్రపోతున్నావా అని ఒకడు, అత్తారింట్లో ఉన్నాననుకున్నావా అని ఒకడు. మొగ్గా, ఊఁ అన్నావా ఆవలించావా?

ఆఖరికి బుచ్చియ్యే కనిపెట్టాడు. నడిమైదానంలో దెయ్యం ఉందర్రా అన్నాడు. లేకపోతే అక్కడికెళ్ళిన బంతి ఎలా మాయమవుతుంది? ఊరంతా హమ్మయ్య అనుకుంది. దెయ్యమైతే అర్థమవుతుంది కదా మరి! భూతవైద్యుణ్ణి పిలిచారు. నిమ్మకాయలు కోశారు, వేపమండలు ఊపారు, సాంబ్రాణి పొగ వేశారు. దిష్టి తీయడానికి తెచ్చిన కోడిపుంజు చెయ్యి జారి నడిమైదానంలోకి పారిపోయింది. దాన్నీ పట్టుకోలేకపోయారు. అక్కడ పట్టుకునేవాడుంటే కదా!

ఆ ఏడూ ఓడారు.

ఇంక జనానికి ఓపిక పోయింది. బుచ్చియ్య ఇంటి అరుగు నిండా చేరి, నువ్వైనా దిగిపో, నీ కొడుకునైనా తీసెయ్యి అన్నారు. బుచ్చియ్య అటు చూశాడు, ఇటు చూశాడు. తీసేస్తానన్నాడు. కన్నకొడుకు గుమ్మంలోనే ఉన్నాడు, విన్నాడు.

పాపారాయుడు ఆ పూట అన్నం ముట్టుకోలేదు. మర్నాడూ ముట్టుకోలేదు. గోడకేసి తిరిగి పడుకున్నాడు. పెళ్ళాం పేరు గంగరత్నం. ఆవిడ పక్కన కూచుని, ఏమైందయ్యా అంటే, నేను సముద్రం మీదికి పోతానే, పడవల్లో కూలి చేసుకుంటాను, అక్కడ నన్నెవరూ ఎరగరు అన్నాడు. నా తప్పేవిటో చెబితే దిద్దుకుందును, ఏవిటో ఎవరూ చెప్పరు, తిట్టడం ఒక్కటే తిడతారు అని ఏడ్చాడట. అంత పొడుగు మనిషి.

తప్పెక్కడుందో గంగరత్నానికి తెలుసు. కానీ ఆ రోజుల్లో మావగారి ఎదట నిలబడి, మీరు చేసింది తప్పు అనే కోడలుందా? లేదు. అందుకని తలుపు చాటు నుంచి మెల్లిగా అంది, మావయ్యా, జట్టుకీ ఊళ్ళోవాళ్ళకీ ఒక పూట భోజనాలు పెడదాం, దెయ్యం శాంతిస్తుందేమో అని. బుచ్చియ్యకి నచ్చింది. ఇంటికో గుప్పెడు బియ్యం, ఇంటికో కాయ చొప్పున తెచ్చారు. అన్నం, పెసరపప్పు, గుమ్మడికాయ పులుసు, చేమదుంపల వేపుడు. మీ అమ్మ చేసేలాంటిది కాదు, కరకరలాడేది. అమ్మతో చెప్పకండి.

వాకిట్లో పెద్ద బంతి వేశారు. భోజనాలకి వరసగా కూచుంటే దాన్నీ బంతే అంటాం కదూ. ఆ మొదట్లో బుచ్చియ్య. అందరి ముందూ విస్తళ్ళు. వంటింట్లో ఆడవాళ్ళు బోలెడుమంది. అయితే గంగరత్నం వాళ్ళందరికీ చెప్పింది, ఎవరూ గడప దాటి రావద్దని. వడ్డనకి ఒక్క మనిషిని పెట్టింది, ముసలి చిన్నత్త అప్పలనరసమ్మని.

పాపం అప్పలనరసమ్మ అన్నం తట్టతో వచ్చింది. నలుగురికి వడ్డించేసరికి తట్ట అయిపోయింది. మళ్ళీ లోపలికి. పప్పుతో వచ్చింది. అన్నం ఉన్నవాడికి పప్పు లేదు, పప్పు అడిగినవాడికి అన్నం లేదు. పులుసు తెచ్చేసరికి మొదటివాడి అన్నం చల్లారిపోయింది. చివరివాడి విస్తరి ఎండి గాలికి ఎగిరిపోయింది. వంటింట్లోంచి ఘుమఘుమ వాసన. వాకిట్లో ఆకలి. ఏవమ్మా ఇంత ఆలస్యం అని ఒకడు, నడుస్తున్నావా పాకుతున్నావా అని ఒకడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ, ఒక్కదాన్నే కదర్రా అంది. ఎవరూ వినిపించుకోలేదు.

వరసలో ఇద్దరు కుర్రాళ్ళున్నారు, కూర్మయ్యా తవిటయ్యా అని. జట్టులో వాళ్ళెప్పుడూ గట్టుమీదే, ఆటలోకి దించేవారే కాదు. ఆవిడ అవస్థ చూడలేక ఇద్దరూ లేచారు. ఒకడు అన్నం తట్ట అందుకున్నాడు, ఒకడు పులుసు గుండిగ. ఇక్కడ అన్నం లేదు, అక్కడ పప్పు లేదు అని వాళ్ళలో వాళ్ళే చెప్పుకుంటూ ముసలావిడతో కలిసి వడ్డించడం మొదలెట్టారు. చూస్తూండగానే విస్తళ్ళు నిండాయి.

బుచ్చియ్య ఒక్కడే తినలేదు. కోపంగా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "వంట లేదా ఏవిటమ్మా, ఇంతసేపు జనాన్ని మాడ్చారు?" అన్నాడు.

గంగరత్నం తల దించుకునే చెప్పింది. "వంట ఉంది మావయ్యా. ఆకలీ ఉంది. అందించే చెయ్యే ఒక్కటి."

బుచ్చియ్య అర్థమయీ అవనట్టు వాకిట్లోకి చూశాడు, వంటింట్లోకి చూశాడు.

"ఒక్కమాట అడగనా మావయ్యా? మీరు గోలు కొట్టిన రోజుల్లో మీకు బంతి ఎవరందించారు?"

"ఎవరో ఏవిటి? బంతి... వచ్చేది."

"దానంతటదేనా?"

బుచ్చియ్య ఆ రోజులు తలుచుకున్నాడు. బంతి వచ్చేది. ఎప్పుడూ వచ్చేది. సరిగ్గా కాలి ముందుకే వచ్చేది. ఎవరు పంపేవారూ? చివరికి ఆనాటి నడిమివాడి పేరు నాలికమీదికొచ్చింది. సన్యాసి.

చచ్చిపోలేదర్రా, ఊఁ కొట్టండి. సన్యాసి ఆ ఊళ్ళోనే ఊరి చివర తాళ్ళు పేనుకుంటూ బతుకుతున్నాడు. ఆట చూడ్డానికి ఎప్పుడూ రాడు. ఎందుకు రాడో ఎవరూ అడగలేదు. మర్నాడు పొద్దున్నే బుచ్చియ్య అతని వాకిట్లో నిలబడ్డాడు.

"ఎవరది?"

"నేనేరా, బుచ్చియ్యని."

"ఏ బుచ్చియ్య?"

"ఊళ్ళో ఎందరు బుచ్చియ్యలున్నార్రా?"

"నన్ను మర్చిపోయిన బుచ్చియ్య ఒకడుండాలి. అతనేనా?"

సన్యాసి చేతిలో తాడు పేనుతూనే ఉన్నాడు. నిన్ను ఊరేగించిన నాడు నా కాలివేలు చితికి అక్కడే మైదానంలో కూచున్నాన్రా, నా పక్కనుంచే వెళ్ళారు, నువ్వు పైనుంచి కిందికి చూళ్ళేదు అన్నాడు. తిట్టినట్టు కాదు, వాన పడిందన్నట్టు అన్నాడట. బుచ్చియ్య ఆ తాళ్ళ పోగులోనే చతికిలపడి, చూళ్ళేదురా, నిజంగా చూళ్ళేదు అని వాపోయాడు. సన్యాసి తాడు పక్కన పెట్టి, లే, ఆ పీచు నలిగిపోతోంది అన్నాడు. పదరా వెళ్దాం అన్నాడు.

జట్టు మళ్ళీ దిద్దారు. ముందునుంచి ఒకణ్ణి తీశారు, వెనకనుంచి ఒకణ్ణి తీశారు. నడుమ పాపారాయుడు, అటు కూర్మయ్య, ఇటు తవిటయ్య. పాపారాయుడు రానన్నాడు. తండ్రి వచ్చి మంచం పక్కన కూచుని, తప్పు నీది కాదురా, నాదిరా అనేదాకా రానన్నాడు. సన్యాసి వాళ్ళకి నేర్పిందల్లా ఒకటే, బంతిని కాదురా, బంతి ఎవడికి కావాలో వాణ్ణి చూడండి అని.

జనానికి ఇదీ అర్థం కాలేదు. సాధనలో ముగ్గురూ బంతి ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకుంటారు, ఒకోసారి వెనక్కి కూడా ఇస్తారు. వెనక్కిస్తాడేంట్రా వెధవ, మన గోలు ఎటుందో మర్చిపోయాడా అని గగ్గోలు. పోనీలే, పాత దెయ్యమే నయం అన్నవాళ్ళూ ఉన్నారు.

ఆట రోజొచ్చింది. ఆకాశంలో మబ్బు, అవతల ఏనుగుదొడ్డి డప్పులు. ఆట మొదలైంది. బంతి నడిమికొచ్చింది, మాయం కాలేదు. కూర్మయ్య తవిటయ్యకిచ్చాడు, తవిటయ్య పాపారాయుడికిచ్చాడు, పాపారాయుడు వెనక్కిచ్చాడు. అది మళ్ళీ కూర్మయ్య దగ్గరికొచ్చింది. ఏనుగుదొడ్డి వాళ్ళు ఎటు పరిగెత్తాలో తెలీక నడుమ ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. చూసేవాళ్ళ మెడలు ఇటూ అటూ తిప్పి తిప్పి నొప్పులు పుట్టాయి. ఎంతకీ తేలదు. చీకటి పడబోతోందనగా, కాళ్ళ గుంపులోంచి బంతి దొర్లుకుంటూ వెళ్ళి గోల్లో పడింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. మనదా? మనదే! ఎవరు కొట్టారు? వాడన్నారు, వీడన్నారు, ఎవరి భుజం ఎక్కించాలో తెలీక జనం పరిగెత్తి పరిగెత్తి చివరికి ఎవరికి దొరికినవాణ్ణి వాళ్ళు కావలించుకున్నారు. ఒకాయన ఆట తీర్పు చెప్పేవాణ్ణే కావలించుకున్నాడు. అంత గెలిచాకా ఇంకొకాయన, రెండో గోలెందుకు కొట్టలేదూ అని తిడుతూనే ఇంటికెళ్ళాడు. అలాంటివాళ్ళు ఎప్పుడూ ఉంటార్లే.

కాలవలో నీళ్ళు పొన్నవాకకి ముందొచ్చాయి. ఏనుగుదొడ్డికా? వాళ్ళకీ వచ్చాయిలే మొగ్గా, కాస్త ఆలస్యంగా. దిగులుపడకు, ఆ ఏడు తుపాను రాలేదు.

పాపారాయుడు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పీట మీద కూచున్నాడు. గంగరత్నం వేడివేడిగా వడ్డించింది. మొదటి ముద్ద తిన్నాడు, రెండో ముద్ద తిన్నాడు, ఇంకాస్త పెట్టు అన్నాడు. ఆవిడ పెడుతూ అడిగింది, ఇంతకీ గోలెవరు కొట్టారయ్యా, ఊళ్ళో తలోమాటా చెబుతున్నారు అని.

పాపారాయుడు ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "ఏమోనే, నేను చూళ్ళేదు. బంతి ఇచ్చాక తవిటయ్య కింద పడ్డాడు, వాణ్ణి లేపుతున్నాను" అన్నాడు.

అదర్రా సంగతి. గోలు కొట్టినవాణ్ణి ఎత్తుకు తిప్పండి, వద్దనను. అందించినవాడి పేరు కూడా ఒకసారి అడగండి. కథేమో కంచి బండెక్కి వెళ్ళిపోయింది, మనం ఇంట్లోనే ఉన్నాం, ఇంక కళ్ళు మూసుకోవడమే మిగిలింది. ఊఁ అనరేంట్రా? పడుకున్నారా? సరే, పడుకోండి.