పెరవలి దాటిన బస్సు

కొవ్వూరులో గీత పాఠం చెప్పే పరాంకుశం గారిని ఒక ఉదయం శిష్యుడు నరహరి అడిగాడు: “గురువుగారూ, ఎవరికీ నష్టం లేని చిన్న అబద్ధం కూడా తప్పేనంటారా?”

గురువుగారు చేతిలో పుస్తకం మూసి పక్కన పెట్టారు. తర్వాత, ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదంటూ ఈ సంగతి చెప్పారు.

“పోయిన ఏడాది నిడదవోలులో నరసాపురం బస్సెక్కాను. పక్క సీట్లో హైమవతి అని ఒకావిడ. చూపు లేదు. పెరవలిలో ఒక బళ్ళో సంగీతం టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తున్నానని చెప్పింది. చెవి దగ్గర పెట్టుకున్న ఫోను, ఏ ఊరు దాటిందో, ఇంకా ఎంత దూరముందో ఆవిడకు చెబుతూ ఉంది. నాకు జాలేసింది. ‘అదెందుకమ్మా, నేనున్నానుగా. పెరవలి రాగానే చెబుతాను’ అన్నాను. ‘నాకు అలవాటేనండి, ఇబ్బంది లేదు’ అంది. నేను వినలేదు. పెద్దవాణ్ణి కదా, కాదనలేక ఫోను ఆపేసి సంచిలో పెట్టుకుంది. మంచి పని చేశాననుకున్నాను.

ముందు సీట్లో ఎరిగినాయన ఒకడు నా ఉపన్యాసాన్ని మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ మాటల్లో పడి, తలెత్తి చూసేసరికి పెరవలి వెనక్కి పోయింది. అప్పుడే బస్సు ఆపమంటే సరిపోయేది. సిగ్గేసి నోరు రాలేదు. అంతలో ఆవిడే అడిగింది, ‘పెరవలి ఇంకా రాలేదాండీ?’ అని.

‘ఇంకా రాలేదమ్మా’ అన్నాను.

కాసేపు ఆగి, సంచిలోంచి ఫోను తీసింది. పెరవలి నాలుగు కిలోమీటర్లు వెనక ఉందని అది బస్సంతా వినేట్టు చెప్పింది. ఇందాక నా మాట విన్నవాళ్ళంతా నావైపు తిరిగారు. ఆవిడ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. బస్సు ఆపించి దిగింది. వెనకే నేనూ దిగాను. ఆటోలో ఫోను చెబుతుంటే ఎక్కడ తిరగాలో డ్రైవరుకి ఆవిడే చెప్పింది.

బడికి చేరేసరికి ఆవిడ పేరు పిలవడం అయిపోయింది. ‘ఇంత ఆలస్యమేమిటమ్మా?’ అన్నారు హెడ్మాస్టరు. నేను గుమ్మంలోనే ఉన్నాను. జవాబు చెప్పవలసినవాణ్ణి నేను. తల దించుకుని నిలబడ్డాను. నేనేమైనా అంటానేమోనని ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత, ‘బస్సు దారిలో చెడిపోయిందండి’ అంది. అందరి తర్వాత పిలిచి పాడించారు. ఉద్యోగం ఆవిడకే వచ్చిందని ఆనక తెలిసింది.”

నరహరి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “అయితే నష్టమేమీ జరగలేదు కదండీ. పైగా ఆవిడా ఒక చిన్న అబద్ధం ఆడింది.”

“ఆవిడ ఆడలేదు నాయనా, నేను ఆడించాను,” అన్నారు గురువుగారు.