పదిహేను అడుగుల దూరం

భూమికి దక్షిణపు కొసన, గడ్డిపరక కూడా మొలవని చోట తెల్లకొండ అనే మంచు దీవి ఉంది. అక్కడ అడవి లేకపోయినా జీవులకు కొదవ లేదు. ఒడ్డున సీల్ జంతువులు, సముద్రంలో తిమింగలాలు, కొండవాలు నిండా వేలకొద్దీ పెంగ్విన్లు ఉండేవి.

వేసవి వచ్చిందంటే దీవిని చూడటానికి దూరదేశాల నుంచి పక్షులు గుంపులు గుంపులుగా దిగేవి. ఒకసారి ఏదో పక్షి కాలికి అంటిన బురదతో ఒక జబ్బు వచ్చిపడింది. ఒక కొండవాలు మొత్తం ఖాళీ అయిపోయింది. ధవళ అనే పెంగ్విన్ వాళ్ల అమ్మ కూడా అప్పుడే చనిపోయింది.

ఆ తర్వాత దీవి జీవులన్నీ సభ చేసి కట్టుబాట్లు పెట్టుకున్నాయి. వచ్చినవాళ్లు రేవు పక్కనున్న ఉప్పునీటి గుంటలో నూరు లెక్కపెట్టేదాకా కాళ్లు నానబెట్టి కడుక్కోవాలి. గూళ్లకు పదిహేను అడుగుల దూరంలో ఆగాలి. దేన్నీ ముట్టుకోకూడదు. గులకరాయి కూడా పట్టుకుపోకూడదు. రేవు దగ్గర కాపలాకు ధవళను పెట్టారు.

ఒక వేసవి ఉదయం రేవులో రెండు పక్షులు దిగాయి. ఒకటి చారుమతి అనే ముసలి టెర్న్ పిట్ట. రెండోది వాచస్పతి అనే పెద్ద సీగల్. ఎన్నో తీరాలు తిరిగి, ఎన్నో పక్షుల గుడ్లు కొలిచి, గొప్ప పండితుడని పేరు తెచ్చుకుంది.

చారుమతి గుంటలోకి దిగి లెక్కపెట్టుకోసాగింది. వాచస్పతి మాత్రం నేరుగా కొండ వైపు నడిచింది. దాని కాళ్లకు ఎక్కడిదో నల్లటి చెరువు బురద అంటుకుని ఉంది.

ధవళ పరుగున వెళ్లి అడ్డం నిలబడింది. "అయ్యా, కాళ్లు కడుక్కుని వెళ్లండి."

"నేనెవరో తెలుసా అమ్మా?" అంది వాచస్పతి.

"తెలుసండీ. మీ పేరు విన్నాను."

"మరి ఇదేమిటి? ఈ కట్టుబాట్లు విహారానికి వచ్చేవాళ్లకు. నేను వచ్చింది మీ జాతి గురించి తెలుసుకోవడానికి. మీ మేలుకే."

"ఎందుకు వచ్చినా కాళ్లకు అంటేది అదే బురద కదండీ," అంది ధవళ.

వాచస్పతికి కోపం వచ్చింది. "చదువు విలువ తెలియని చోటికి వచ్చాను," అని రెక్కలు విప్పి, ధవళ తల మీదుగా ఎగిరి కొండ అవతల వాలింది.

అవతలి వాలులో నలభై గూళ్లున్నాయి. అందులో ఒకటి తనదే. గూటిలో ఒకే ఒక్క గుడ్డు ఉంది. దాని మీద భర్త శీతలుడు కూర్చుని ఉంది.

పరుగెత్తబోతూ ధవళ కిందికి చూసుకుంది. వాచస్పతి తొక్కిన చోటే తానూ తొక్కింది. తన కాళ్లకూ నల్లటి బురద!

కొండ అవతలి నుంచి పెంగ్విన్ల అరుపులు వినిపించాయి.

ధవళ గుంటలోకి దూకింది. "ఒకటి, రెండు, మూడు..." అని లెక్కపెట్టసాగింది. ముప్పై దగ్గర అరుపులు పెద్దవయ్యాయి. అరవై దగ్గర శీతలుడి గొంతు వినిపించింది.

"ధవళా, వెళ్లిపో. నూరు అయిందో లేదో ఎవరు చూస్తారు?" అని దారిన పోయే పెంగ్విన్ ఒకటి అరిచింది.

ధవళకు అమ్మ గుర్తొచ్చింది. పళ్లబిగువున నూరు దాకా లెక్కపెట్టి, అప్పుడు పరుగెత్తింది.

అవతల అంతా చిందరవందరగా ఉంది. వాచస్పతి గూటి నుంచి గూటికి తిరుగుతూ, "కాస్త లే నాయనా, కొలిచి ఇచ్చేస్తాను," అంటూ గుడ్లు దొర్లిస్తోంది. బెదిరిన పెంగ్విన్లు గూళ్లు వదిలి పారిపోయాయి. గుడ్లు తినే గోధుమరంగు పక్షులు అదను చూసి తొమ్మిది గుడ్లు ఎత్తుకుపోయాయి.

ధవళ గుడ్డు మంచు మీద పడి ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. బతికి ఉందో లేదో తెలియదు. ధవళ దాన్ని పాదాల మీదికి ఎక్కించుకుని పొట్ట కింద దాచుకుంది. శీతలుడు తలదించుకుని, "పెద్దవాడు అడిగాడని లేచాను ధవళా," అంది.

మూడో రోజుకు వాచస్పతికి జ్వరం వచ్చి రెక్క లేవలేదు. ఆ వాలులో మరో ఆరు పెంగ్విన్లకు జబ్బు చేసింది. రెండు చనిపోయాయి. సభ పెద్ద అయిన గంభీరుడనే సీల్ ఆ వాలులోకి రాకపోకలు ఆపించింది. ధవళ కూడా అక్కడే ఉండిపోయింది. జబ్బు ఆ వాలు దాటలేదు. మిగతా వాలుల్లోని వేల పెంగ్విన్లు క్షేమంగా ఉన్నాయి.

వాచస్పతిని సముద్రంలోని ఒక బండ మీద ఒంటరిగా ఉంచారు. "నీకు నయమయ్యేదాకా చేపలు పంపిస్తాం. ఆ తర్వాత ఈ దీవి మీద మళ్లీ కాలు పెట్టకు," అని గంభీరుడు చెప్పింది.

చారుమతి రోజూ ఆ వాలు అంచు బయట, గూళ్లకు పదిహేను అడుగుల దూరంలో, ఒకే రాయి మీద, కదలకుండా కూర్చునేది. కొన్నాళ్లకు పెంగ్విన్లు దాన్ని పట్టించుకోవడమే మానేశాయి. ఒక మధ్యాహ్నం ధవళ పొట్ట కింద నుంచి సన్నగా చప్పుడైంది. గుడ్డు చిట్లి, తడి తడిగా ఒక బూడిదరంగు తల బయటికి వచ్చింది.

"పెద్దమ్మా, చూశావా?" అని ధవళ ఆనందంగా కేక వేసింది.

"చూశానమ్మా. ఏదీ వదలకుండా చూశాను," అంది చారుమతి.

వేసవి చివర ఉత్తరానికి బయలుదేరుతున్న చారుమతితో గంభీరుడు, "ఏటా రా. ఈ దీవి నీదే అనుకో," అంది.

వెళ్తూ చారుమతి బండ దగ్గర ఆగింది. వాచస్పతికి జబ్బు తగ్గింది కానీ ముఖం వాడిపోయి ఉంది.

"ఇరవై గుడ్లు కొలిచాను. కానీ పెంగ్విన్లు ఎలా పారిపోతాయో తప్ప, ఎలా బతుకుతాయో చూడలేకపోయాను," అంది. తర్వాత చిన్న గొంతుతో, "పిల్ల బయటికి వచ్చాక తల్లి మొదట ఏం చేసింది?" అని అడిగింది.

చారుమతి చెప్పడం మొదలుపెట్టింది. ఆ మహాపండితుడు చివరిదాకా తల ఎత్తకుండా వింది.

నీతి: చూడటానికి వచ్చినా, తెలుసుకోవడానికి వచ్చినా, ఆ చోటి కట్టుబాట్లు అందరికీ ఒక్కటే.