కొంగ మోకాళ్ల లెక్క

వెదురుగొంది అడవిలో జంతువులు తమ పిల్లల కోసం ఒక బడి పెట్టుకున్నాయి. కొండ వాలులో, ఎంత వానకీ తడవని రాతి గుహలో దాని గ్రంథాలయం. గుహ కింద టేకు చెట్ల నీడలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి లెక్కలు చెప్పేవారు.

గ్రంథాలయం చూసుకునేది సుభద్రమ్మ అనే అలుగు. ఒళ్లంతా పొలుసులు, మాట మెత్తన, మనసు ఇంకా మెత్తన. ఎవరైనా ఒక్క మాటంటే చాలు, బంతిలా చుట్టుకుని పొద్దు వాలే దాకా విప్పుకునేది కాదు. తాటాకు కట్టల్లోకి చెదలు రాగానే పట్టి తినేసేది కాబట్టి గుహలో ఒక్క ఆకు కూడా పాడవలేదు.

లెక్కల మాస్టారు తాతారావు వడ్రంగిపిట్ట. ఎండిన మోడు మీద ముక్కుతో టకటకమని అంకెలు చెక్కి చెప్పేవాడు. మంచివాడే. కానీ ముందు పొడిచి తర్వాత ఆలోచించే రకం.

వీళ్లిద్దరూ మూడేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. మధ్యలో జంబులింగం ఉన్నాడు మరి.

జంబులింగం నక్క. బడి కమిటీలో మెంబరు. ఆ గుహ మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. వానాకాలంలో వెచ్చగా, వేసవిలో చల్లగా ఉండే చోటు అడవి మొత్తంలో అదొక్కటే. ఆ ఇద్దరూ కలిసి ఉంటే గుహ తన చేతికి రాదని అతనికి బాగా తెలుసు.

అందుకే ఒక పొద్దున్న మాస్టారి దగ్గర చేరి, "ఏం చెప్పమంటారు మాస్టారూ! మీ టకటకలకి పిల్లల చెవులు పోతున్నాయి గానీ బుర్రకి ఒక్క లెక్కా ఎక్కడం లేదని సుభద్రమ్మగారు అంటున్నారు. నాకే బాధేసింది" అన్నాడు.

ఆ సాయంత్రం గుహ దగ్గరికెళ్లి, "అమ్మా, మీరు ఈ తాటాకులు దాచేది పిల్లల కోసం కాదట, చెదలు పెంచుకుని తినడానికట. మాస్టారు నలుగురిలో అన్నారు" అన్నాడు.

మాస్టారు ఆ రోజు నుంచి గుహ వైపు ఎగరలేదు. సుభద్రమ్మ టేకు చెట్ల వైపు నడవలేదు. పిల్లలకి గుహలోని చదువు ఒకచోట, లెక్కలు ఒకచోట ఉండిపోయాయి. నిష్పత్తి అనే మాట వింటేనే ఏడో తరగతి మొత్తానికి ఆవులింతలు వచ్చేవి.

మూడేళ్లు ఇలాగే గడిచాక, వానాకాలం దగ్గర పడుతుండగా కమిటీ కూర్చుంది. బడి పెద్ద ఎలుగుబంటి వీరభద్రయ్య ముందు జంబులింగం లేచి నిలబడ్డాడు.

"అయ్యా, గుహ ఇరుకు. పిల్లలు కొండెక్కలేక ఆయాసపడుతున్నారు. వాగు పక్క ఇసుక మెట్ట ఉంది. గుహకి పదింతలు! గ్రంథాలయం అక్కడికి మారుద్దాం. ఈ పాత గుహలో నేను ఎలాగోలా సర్దుకుంటాను."

"వాగు పక్కన అంటున్నావు. వరదొస్తే?" అన్నాడు వీరభద్రయ్య.

"అక్కడే నా జాగ్రత్త చూడండి. వాగు నీటి మట్టం కొంగలు ఏటేటా మోకాళ్ల లెక్కన రాసి పెట్టాయి కదా. ఆ ఆకులు నేనే స్వయంగా చదివాను. ఇసుక మెట్ట ఆరు మోకాళ్ల ఎత్తు. గడిచిన ఎనిమిదేళ్లలో నీళ్లు నాలుగు మోకాళ్లు దాటనే లేదు!"

వానాకాలమంతా జలగల భయంతో అడవిలో ఎవరూ వాగు వైపు వెళ్లరు. కాబట్టి కాదనడానికి చూసినవాళ్లు లేరు. వీరభద్రయ్య గడ్డం గోక్కుని, "ఎనిమిది రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అలాగే కానిద్దాం" అన్నాడు.

ఆ మాట చెవిన పడగానే సుభద్రమ్మ గుహ మూలలో బంతిలా చుట్టుకుంది.

ఏడో తరగతిలో నీలవేణి అనే ముంగిస పిల్ల ఉంది. లెక్కల్లో అందరికన్నా వెనక. గుహలో మాత్రం అందరికన్నా ముందు. మర్నాడు తరగతిలో ఆ పిల్ల చెయ్యెత్తింది.

"మాస్టారూ, ఇసుక మెట్ట మీద రేగు పొదలో ఎండిపోయిన నాచు వేలాడుతుంటే చూశాను. నాచు నీళ్లలో ఉండేది. అంత ఎత్తుకి ఎలా ఎక్కింది?"

మాస్టారు తల పక్కకి వంచాడు. "మంచి ప్రశ్న. కానీ జవాబు చెప్పాలంటే అంకెలు కావాలి."

"కొంగలు రాసిన ఆకుల్లో ఉన్నాయిగా. గుహకి వెళ్దాం రండి."

"ఆవిడ గడప నేను తొక్కను."

"ఎందుకు?"

"నా పాఠం పిల్లల బుర్రకెక్కడం లేదని ఆవిడే అంది."

నీలవేణి కాసేపు ఆలోచించి, "నాకు ఎక్కడం లేదు మాస్టారూ, అది నిజమే. కానీ సుభద్రమ్మగారు ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. రోజూ అక్కడే ఉంటాను కదా" అంది.

మాస్టారు రెక్కలు రెండుసార్లు విదిలించి, గుహ గుమ్మం ముందు వాలాడు. లోపల మూలలో పొలుసుల బంతి కనిపించింది.

"సుభద్రమ్మగారూ."

బంతి కదల్లేదు.

"నా టకటకలు మీకు అంత చేదా?"

బంతి లోపలి నుంచి గొంతు వచ్చింది. "నేనెప్పుడన్నాను? మీ చప్పుడు ఆగితే నాకు పొద్దెంతయిందో తెలియదు. మీరే కదా, నేను చెదలు పెంచుకోవడానికి ఆకులు దాస్తున్నానన్నది!"

"నేనా! ఎవరు చెప్పారు?"

"జంబులింగం."

"నాకు చెప్పిందీ అతనే."

బంతి మెల్లగా విప్పుకుంది. సుభద్రమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మూడేళ్లు మాస్టారూ," అంది. "ఒక్క మాట వచ్చి అడిగి ఉంటే పోయేది."

"పొడవడం వచ్చినంత త్వరగా నాకు అడగడం రాదు. తప్పు నాదే."

"నాదీ ఉంది. చుట్టుకుంటే ఎవరి మాటా వినపడదు."

నీలవేణి అప్పటికే అటక మీద నుంచి కొంగల కట్ట దింపింది. ఇరవై నాలుగు ఆకులు, ఇరవై నాలుగేళ్లు. మర్నాటి నుంచి లెక్కల తరగతి గుహలోనే. ఇద్దరికో ఆకు చొప్పున పిల్లలందరూ సర్దుకు కూర్చున్నారు.

మూడో రోజుకి వాళ్ల ఉత్సాహం చల్లారింది. జంబులింగం చెప్పింది అక్షరాలా నిజం. పాత ఆకుల్లో అక్కడక్కడా ఆరు దాటిన అంకెలున్నా, చివరి ఎనిమిది ఆకుల్లో నాలుగుకి మించిన అంకె ఒక్కటీ లేదు.

"లెక్క అబద్ధం చెప్పదు," అన్నాడు మాస్టారు దిగులుగా. "ఆరు కంటే నాలుగు తక్కువే."

సుభద్రమ్మ ఆ ఆకుల్ని దగ్గరికి తీసుకుని రాతను ముక్కుతో తడిమింది. "మాస్టారూ, ఈ రాత వేరు. మొదటి పదహారేళ్లూ రాసింది చిన్న తెల్లకొంగ. మెట్ట ఎత్తు ఆరని కొలిచి రాసిందీ ఆవిడే. ఆవిడ ముసలిదయ్యాక ఈ ఎనిమిదేళ్లూ రాసింది బెగ్గురు కొంగ. ఎంత పొడుగో మీరు చూశారుగా!"

మాస్టారి ముక్కు టక్కున ఆగిపోయింది. "అయితే ఈ నాలుగు ఎవరి మోకాళ్లు?"

"ఎవరికి వారు మొదటి ఆకు అంచున తమ మోకాలి పొడవు గీత గీసి పెట్టారు. నేను ఎన్నోసార్లు చూశాను. అది దేనికో మాత్రం నాకు తెలియదు."

పిల్లలు ఎగబడ్డారు. రెండు గీతలకీ సరిపడా రెండు వెదురు పుల్లలు కోశారు. నీలవేణి చిన్న పుల్లను పెద్ద పుల్ల పక్కన పెట్టింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. సరిగ్గా సరిపోయింది.

"మాస్టారూ! ఆయన ఒక మోకాలు ఆవిడకి రెండు!"

"దాన్నే నిష్పత్తి అంటారమ్మా," అన్నాడు మాస్టారు. "ఇప్పుడు నాలుగుని మార్చు."

"ఎనిమిది! మెట్ట ఆరే కదా. మునిగిపోయింది!"

ఆ రోజు ఏడో తరగతిలో ఎవరికీ ఆవులింత రాలేదు.

ఎనిమిదో రోజు కమిటీ ముందు నీలవేణి వెదురు పుల్లలతో నిలబడింది. తెల్లకొంగ రాసిన పదహారేళ్లలో అయిదుసార్లు, బెగ్గురు కొంగ రాసిన ఎనిమిదేళ్లలో మూడుసార్లు నీళ్లు మెట్ట మీదికి వచ్చాయని చూపించింది. "ఇరవై నాలుగులో ఎనిమిది. అంటే మూడింట ఒక వంతు."

జంబులింగం నవ్వాడు. "పిల్లకి అంకెలు రావు పాపం. నాలుగు పెద్దదా, ఆరు పెద్దదా?"

"ఎవరి నాలుగు, మావయ్యా?" అంది నీలవేణి. పెద్ద పుల్ల పట్టుకుని నాలుగుసార్లు, చిన్న పుల్ల పట్టుకుని ఆరుసార్లు నేల మీద కొలిచి గీతలు గీసింది. పెద్ద పుల్ల గీత చిన్న పుల్ల గీతని దాటి వెళ్లిపోయింది. సభలో అందరి తలలూ అటు తిరిగాయి.

"పుల్లలతో ఆడుకుంటే వరదలొస్తాయా!" అన్నాడు జంబులింగం గొంతు పెంచి. "ఆ మెట్ట బంగారం లాంటి చోటు!"

వీరభద్రయ్య శాంతంగా అన్నాడు. "అలాగే జంబులింగం. అంత మంచి చోటని నువ్వంటున్నావు కదా. ఈ వానాకాలం నీ పెళ్లాం పిల్లలతో అక్కడ కాపురం పెట్టు. నీళ్లు రాకపోతే గుహ నీదే."

"అమ్మో, కొట్టుకుపోతే నా పిల్లలేం కావాలి!" అనేశాడు జంబులింగం. అన్నాక గానీ అతనికి తెలియలేదు ఏమన్నాడో.

"మరి మా పిల్లలో?" అన్నాడు వీరభద్రయ్య.

జంబులింగం తోక కాళ్ల మధ్యకి వెళ్లింది. కమిటీ నుంచి అతని పేరు ఆ రోజే కొట్టేశారు.

ఆ ఏడు వాగు పొంగలేదు. "చూశారా, నేను చెప్పలేదూ!" అంటూ జంబులింగం ఊరేగాడు. "మూడింట రెండు వంతులు రాకపోవడానికే మావయ్యా, అదీ మా లెక్కలో ఉంది," అని ఆరో తరగతి పిల్లలు నవ్వారు.

మరుసటి ఏడు శ్రావణంలో నాలుగు రోజులు ఎడతెగని వాన. ఇసుక మెట్ట నీళ్లలో మునిగిపోయింది. పిల్లలు గుహలో కూర్చుని కొంగ చెప్పిన నీటి మట్టం రాసుకుంటుంటే, బొరియలోకి నీళ్లొచ్చి తడిసి ముద్దయిన జంబులింగం పిల్లల్ని వెంటేసుకుని వాలు ఎక్కి వచ్చాడు. గుమ్మం ముందు ఆగిపోయాడు.

మాస్టారు ముక్కు ఎత్తాడు గానీ, ఈసారి ముందు ఆలోచించాడు. సుభద్రమ్మ వైపు చూశాడు. ఆవిడ చుట్టుకోలేదు.

"లోపలికి రండి జంబులింగంగారూ," అంది. "కాళ్లు తుడుచుకుని రండి, ఆకులు తడుస్తాయి. పిల్లల్ని ఇలా కూర్చోబెట్టండి, లెక్కల పాఠం జరుగుతోంది."

నక్క పిల్లలు ముందు వరసలో చోటు చేసుకున్నాయి. జంబులింగం తలొంచుకుని, గుమ్మం దగ్గర ఒక్కో కాలూ తుడుచుకున్నాడు.

దాచేవారూ లెక్కగట్టేవారూ నేరుగా మాట్లాడుకుంటే పిల్లలకి చదువొస్తుంది, చాడీలు చెప్పేవాడికి పని పోతుంది.