చల్లని గొట్టం

మోటారుల గురించి నాకు తెలిసిందల్లా వెనకనుంచి తొయ్యడమే. అయినా ఈ కథ ధైర్యంగా చెబుతున్నాను, ఎందుకంటే ఇందులో దివాన్‌గారికి ఆ మాత్రం కూడా తెలీదు.

గుమ్మలూరు జమీందారుగారి కారు ఓ ఉదయం ముసలి గుర్రంలా దగ్గుతూ కుదుపులు పెట్టింది. దివాన్ జోగారావుగారికి ఇదే అదను.

"ఇంజనుకేం రోగం లేదు ప్రభూ! నాలుగు సిలిండర్లూ సమానంగా పనిచేస్తున్నాయి. ఈ డ్రైవరుకే నడపడం రాదు. వీణ్ణి పంపేసి మా బావమరిదిని పెట్టుకోండి" అన్నారు.

డ్రైవరు సన్నాసి చేతులు కట్టుకున్నాడు. "నాలుగూ సమానమేనా బాబూ?"

"ముమ్మాటికీ!"

సన్నాసి బానెట్ ఎత్తి, చల్లారిన ఇంజను మళ్లీ స్టార్టు చేశాడు. సిలిండర్లనుంచి పొగ బయటికొచ్చే గొట్టాలు నాలుగున్నాయి. కాసేపాగి వాటికి కాస్త ఎడంగా చెయ్యి తిప్పి చూసి, మూడోదాని మీద అరచెయ్యి తాపీగా ఆనించాడు.

"నేను దీని మీద పెట్టాను. తమరు పక్కదాని మీద పెట్టండి బాబూ."

దివాన్‌గారు చటుక్కున వెనక్కి జరిగారు. "చెయ్యి కాలిపోదూ!"

"ఎందుక్కాలుద్ది బాబూ? నాలుగూ సమానమే గదా!"

జమీందారుగారికి సరదా పుట్టింది. "పెట్టవయ్యా జోగారావూ. నువ్వు పెడితే వీణ్ణి ఇప్పుడే పంపేస్తాను."

దివాన్‌గారు తన చేతినీ గొట్టాన్నీ మార్చి మార్చి చూసుకున్నారు. "ఆ మూడోదే... కాస్త బద్ధకిస్తున్నట్టుంది ప్రభూ" అని గొణిగారు.

సన్నాసి ఇంజను ఆపి, మూడో సిలిండరులో నిప్పు రాజెయ్యాల్సిన ప్లగ్గు విప్పి, మసి గీకి బిగించాడు. ఈసారి కారు దగ్గలేదు.

"మా బాగా కనిపెట్టారు బాబూ!" అన్నాడు దివాన్‌గారితో. "బావమరిదిగారిని ఎప్పుడు రమ్మంటారు? ఆయన చెయ్యి కూడా ఓసారి ఆనించి చూద్దాం."