గడియారం పెట్టుకున్న చెయ్యి

చీరాలలో కరీముల్లా మాస్టారి స్టూడియోలో చేరిన మూడో నెలకే సువర్చలకి ధీమా వచ్చేసింది. రాదూ మరి! కంప్యూటర్లో ఫొటోలోంచి మనిషిని కత్తిరించి తీసిందంటే వెంట్రుకవాసి తేడా ఉండదు.

అలాంటి సువర్చల చేసిన ఫొటో చూసి ఆ పొద్దున నాగలత మొహం చిన్నబుచ్చుకుంది.

"అక్కా, ఈయన మా నాన్నే. కానీ నా పెళ్లికి వచ్చినట్టు లేడు."

నాగలతకి పెళ్లై పదహారు రోజులు. తండ్రి పోయి రెండేళ్లు. ఆయన నిలబడి ఉన్న ఫొటో, ఎవరింటి గృహప్రవేశంలోనో తీసింది, ఒక్కటంటే ఒక్కటే ఉంది. దాన్ని తన పెళ్లి ఫొటోలో కలిపిమ్మని అడిగింది. ఇవాళ పన్నెండింటి బస్సుకే అత్తారింటికి ప్రయాణం. నాన్నని కూడా తీసుకుని బస్సెక్కాలని ఆ పిల్ల ఆశ.

సువర్చలకి ఒళ్లు మండింది.

"మీరే చూడండి మాస్టారూ, ఎక్కడన్నా వంక ఉందేమో! ఆయన చేతి గడియారం బెల్టు దగ్గరే గంటసేపు కూర్చున్నాను."

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. కంప్యూటర్లో ఆ ఫొటో ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు పొరలు. అడుగున పెళ్లి పందిరి. దాని మీద నాగలత. అన్నిటికీ పైన, ఏదీ అడ్డు రాకుండా, కాలి చెప్పు నుంచి గడియారం దాకా మొత్తం కనపడుతూ నాన్న.

"కత్తిరింపు బ్రహ్మాండం," అన్నారాయన. "ఇద్దరూ ఇలా వచ్చి నిలబడండి."

నీలం పరదా ముందు ఇద్దర్నీ నిలబెట్టి కెమెరా అందుకున్నారు.

"అంత దూరమేంటమ్మా, పోట్లాడుకున్నట్టు? దగ్గరికి జరుగు. ఆ పిల్ల వీపు మీద చెయ్యి వెయ్యి."

సువర్చల విసుగ్గానే వేసింది. ఫొటో తీసి కంప్యూటర్లో తెరిచారు.

"నీ కుడి చెయ్యేదీ?"

"నాగలత వెనక ఉంది మాస్టారూ."

"మరి నాకు కనపడదేం?"

సువర్చల నవ్వబోయి ఆగిపోయింది.

"పదకొండున్నరైంది," అని చెప్పి మాస్టారు టీకి వెళ్లిపోయారు.

సువర్చల కుర్చీలో కూర్చుంది. పైనున్న నాన్న పొరని పట్టుకుని ఒక మెట్టు కిందికి, నాగలత పొర కిందికి లాగింది. గంటసేపు కళ్లు పీకేలా కత్తిరించిన చెయ్యి, గడియారం, బెల్టు మొత్తం పట్టుచీర వెనక్కి పోయాయి. ఆమె ప్రాణం ఉసూరుమంది.

అయినా ఆగలేదు. ఆయన్ని కూతురికి ఇంకాస్త దగ్గరగా జరిపింది. భుజం కూడా సగం మాయమైంది.

ప్రింటు బయటికొచ్చింది. నాగలత దాన్ని రెండు చేతులా పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అక్కా, నాన్న చెయ్యేదీ?"

"నీ వీపు మీద ఉందమ్మా."

నాగలత కాస్త నిటారుగా నిలబడింది.